రెండు వేళ్ల వదులు

జూన్ 4, 2023. ఆదివారం.

రహీమాబీ గురువారం విమానం ఎక్కింది.

ఈ కొలతల పుస్తకంలో వెనక కాగితాలు చాలా ఖాళీగా ఉన్నాయి. ముందువైపు ఆడవాళ్ల కొలతలు. వెనకవైపు నేను రాసుకుంటాను. షాపులో తెలుగు చదివేవాళ్లు లేరు. షాహుల్‌ది నెల్లూరు, మాట్లాడతాడు గానీ అక్షరం రాదు. షాపు యజమాని సనోబర్ ఆపాది హైదరాబాదు, ఆమెకు ఉర్దూ చదవడం ఒక్కటే వచ్చు. మిగతా ఇద్దరు టైలర్లు బంగ్లా వాళ్లు. భయం లేదు.

రహీమాబీ పనిచేసే ఇంటి పెద్ద మేడం కూతురు ఇంగ్లండులో యార్క్ అనే ఊళ్లో చదువుకుంటోంది. చంటిపిల్ల తల్లి. పిల్లను చూసుకోవడానికి పెద్ద మేడం పోయింది. మేడంను చూసుకోవడానికి రహీమాబీ పోయింది. కాగితాల్లో ఆరు నెలలే ఇస్తారట. నవంబరు చివరికి తిరిగి వస్తారు. డిసెంబరులో నేనూ ఆమే ఇక్కడ పని ఖలాస్ చేసుకుని మా రాయచోటి పోతాం. ఒకే ఇంట్లో ఉంటాం. నిరుడే అనుకున్న మాట ఇది.

పందొమ్మిదేళ్లుగా ఈ దుబాయ్‌లో ఆమె జుమేరాలో ఆ విల్లాలో, నేను సత్వాలో ఎనిమిది మంది ఉండే గదిలో. శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఆమెను వదులుతారు, పొద్దు గూకగానే మగ్రిబ్‌కు తిరిగి పోవాలి. అంతే మా సంసారం.

ఆరు నెలలు ఎంతలో పోతాయి.

జూన్ 9. శుక్రవారం.

నాలుగున్నరకు సత్వా బస్ స్టేషన్‌కు పోయాను. ఆమె ఉండదని తెలుసు. కాళ్లే అటు పోయాయి. మా బెంచీ మీద ఫిలిప్పీన్ అమ్మాయిలు ముగ్గురు కూర్చుని ఉన్నారు. కాసేపు దూరంగా నిలబడి వచ్చేశాను.

జూన్ 17.

మొదటి వాయిస్ వచ్చింది. రెండు నిమిషాల పది సెకన్లు. ఫోను చెవికి ఆనించి విన్నాను. గుర్తున్నంత వరకు రాస్తాను.

"ఏమయ్యా, బాగుండావా? నేను బాగుండా. ఈడ జూన్ నెల్లో గూడా చలి. ఈ పొద్దు మేడమోళ్లు బజారుకు పిల్చుకపోయిరి. ఒక సందు ఉండాది, పాతకాలం ఇండ్లు. మిద్దెలు రెండు పక్కలా ముందుకు వంగి ఉండాయి. ఈ ఇంటాయమ్మ కిటికీలోంచి చెయ్యి చాపితే ఎదురింటాయమ్మకు ఉప్పు అందీయొచ్చు. కిందంతా అంగళ్లే. సబ్బులు, బొమ్మలు, మిఠాయిలు. మేడం కొంటాది, నేను మోస్తా. ఈ చేతికి నాలుగు సంచులు, ఆ చేతికి మూడు. నువ్వుంటే రెండు నీకిచ్చేదాన్ని."

షాహుల్ మిషన్ ఆపి నన్నే చూస్తున్నాడు.

"ఏంది మాస్టరన్నా, ఫోను చెవిలోకి దూర్చేస్తుండావే. స్పీకర్ పెట్టబ్బా, వదిన మాట మేం గూడా విందాం."

"నీకెందుకు?"

"చూస్తివా ఆపా, మాస్టర్‌కు సిగ్గు. అరవై నాలుగేండ్లొచ్చినా సిగ్గు."

జవాబు చెబుదామని బొత్తాం నొక్కాను. అదే సమయానికి బంగ్లా వాళ్ల మిషన్లు కూడా ఆగాయి. నలుగురూ చెవులు ఇటే పెట్టారు. "ఆ, సరే" అన్నాను. వేలు తీశాను. అది పోయింది.

ఇక్కడ వాట్సాప్‌లో కాల్ పోదు, వాయిస్ పోతుంది. మాట్లాడడం నాకు రాదు. చదవడం ఆమెకు రాదు. ఆమెకు చదవడం వచ్చి ఉంటే రోజూ రాసేవాణ్ణి. నేను ఏడో తరగతి దాకా చదివాను. చేతిరాత బాగుంటుందని అయ్యవారు అనేవాడు.

జూలై 2.

ఫోటో పంపింది. ఏదో టీ అంగడి ముందు నిలబడి ఉంది. పెద్ద అద్దం, లోపల కేకులు, బయట జనం వరసగా నిలబడి ఉన్నారు. టీ తాగడానికి వరస కడతారంట అక్కడ.

ఆ ఆకుపచ్చ కమీజు పోయిన రంజానుకు నేను కుట్టిందే. భుజం కుట్టు చేతి మీదికి జారింది. రెండు వేళ్లు జారింది. నా కుట్టు జారదు. మనిషి తగ్గితే తప్ప జారదు.

ఫోటోలో అట్లా కనపడుతుందేమో.

జూలై 11.

ఎండ మండిపోతోంది. వాయిస్ రాలేదు.

జూలై 12.

రాలేదు.

జూలై 14.

వచ్చింది. అక్కడ పాత బట్టల అంగళ్లు ఉన్నాయంట. ఉన్నవాళ్లు తాము కట్టి విడిచినవి ఉతికి ఇచ్చేస్తారంట, అంగడివాళ్లు అమ్మి ఆసుపత్రులకు, ముసలివాళ్లకు సాయం చేస్తారంట. మేడం బయట ఫోన్లో ఉంటే రహీమాబీ లోపలికి పోయిందంట.

"ఒక్కొక్క గౌను తీసి తిరగేసి చూస్తి. టైలర్ పెండ్లాన్ని గదా, పైన చూస్తే నాకేం తెలుస్తాది, లోపలే చూస్తా. అంగడాయమ్మ నవ్వుకుండె. పేరు గొప్ప అంగడి బట్టలంట. లోపల చూస్తే దారాలు యాలాడతాండాయి. నీ కుట్టు మేలు."

నీ కుట్టు మేలు.

ఆ చివరి మాట మళ్లీ మళ్లీ విన్నాను. మధ్యాహ్నం భోజనం దగ్గర కూడా విన్నాను. నలభై ఏళ్ల సంసారంలో ఆమె నా పనిని ఇట్లా ఎప్పుడూ అనలేదు. నేనూ అడగలేదు.

"ఆ, సరే" అని పంపాను.

జూలై 30.

ఈ వారం అన్నీ తిండి ఫోటోలు. మేడంవాళ్లు వారానికి మూడుసార్లు బయటే తింటారు. ఒక ఫోటోలో చేప. "చేపకు పిండి చొక్కా తొడిగినారు, కాజాలు గుండీలు ఒక్కటే తక్కువ" అంది. ఇంకో ఫోటోలో మూడు అంతస్తుల పళ్లెం. కింద రొట్టె ముక్కలు, మధ్యలో బన్నులు, పైన మిఠాయిలు. "పళ్లేనికి గూడా మిద్దెలు కట్టినారు సూడు."

నవ్వాను. తర్వాత ఫోటోలు పెద్దవి చేసి చూశాను. అన్ని పళ్లేలూ బల్లకు ఎడంగా నిలబడే తీసింది. పళ్లెం దగ్గర ఒకచోట మేడం ఉంగరాల చెయ్యి, ఒకచోట ఆమె కూతురు చిన్న మేడం చెయ్యి. రహీమాబీ చెయ్యి ఎక్కడా లేదు. ఆమె ముందర పళ్లెం ఎక్కడా లేదు. ఒక ఫోటో అద్దం బయట నుంచి తీసింది.

అంటే ఈమె బయట పిల్ల బండి పట్టుకుని నిలబడుతోంది.

భుజం రెండు వేళ్లు ఊరికే జారలేదు.

అడగలేదు. అడిగితే బాధపడుతుంది. నలుగురిలో అడగను కూడా లేను.

ఆగస్టు 19.

పెద్ద మేడం చెల్లెలు వచ్చింది, అబాయా బురఖాలు సరిచేయించుకోవడానికి. ఆమె హిందీ బాగా మాట్లాడుతుంది. నేను రహీమాబీ భర్తనని ఆమెకు తెలియదు. ఆపాకు తెలుసు.

ఆపా హిందీలో అడిగింది, "మీ అక్క ఎట్లున్నది యార్క్‌లో?"

"బహుత్ అచ్ఛా. రహీమా ఉధర్ బహుత్ ఖుష్. మేరా బహెన్ ఉస్‌కో ఛోడేగా నహీ. దో సాల్ ఔర్ రఖేగా."

అక్క ఈమెను వదలదంట, ఇంకా రెండేళ్లు ఉంచుకుంటుందంట. ఆరు నెలలకోసారి ఇక్కడికి వచ్చి కాగితాలు చేయించుకుని మళ్లీ పోతారంట. చిన్న మేడం చదువు అయ్యేదాకా. రహీమాకు చెప్పేశాం అంది.

నేను కత్తెర పట్టుకుని ఉన్నాను. ఆమె వెళ్లాక చూస్తే కమీజు రెండు చేతులూ ఒకే పక్కకు కోసి ఉన్నాను. రెండూ ఎడమ చేతులే.

"క్యా మాస్టర్!" ఆపా నెత్తి కొట్టుకుంది. "ఇర్వై ఏడేండ్లల్ల ఫస్ట్ టైం. దిమాగ్ యాడ పెట్టినవ్?" తర్వాత నా ముఖం చూసి గొంతు తగ్గించింది. "రహీమా నీకు చెప్పలేదా?"

చెప్పలేదు.

బహుత్ ఖుష్ అంట. వాళ్లు అట్లాగే అంటారు. ఇంట్లో పిల్లికి కూడా ఖుష్ అంటారు. భుజం చూసింది నేను.

ఆగస్టు 20.

చెప్పాలి. ఒప్పుకోవద్దు అని చెప్పాలి. రెండు ముక్కలు.

ఆగస్టు 22.

చెప్పడానికి చోటు లేదు. గదిలో ఎనిమిది మంది. మసీదు మెట్ల దగ్గర ఎప్పుడూ ఎవరో ఒకరు సలాం అంటారు. రోడ్డు మీద మాట్లాడుతూ నడిస్తే పిచ్చివాణ్ణి అనుకుంటారు. ఈరోజు మధ్యాహ్నం అందరూ నమాజుకు పోయినప్పుడు ట్రయల్ రూమ్‌లోకి దూరి తెర లాగేసుకున్నాను. మూడు పక్కలా అద్దాలే. మూడు పక్కలా నేనే. నేను చూస్తుంటే నాకే మాట రాలేదు.

"రహీమా" అన్నాను. గొంతు సరిచేసుకున్నాను. "రహీమా, అదీ, మేడం చెల్లెలు వచ్చె..."

తెర సర్రున తెరుచుకుంది. షాహుల్.

"మాస్టరన్నా! ఇందులో నీకేం పని? లేడీస్ ట్రయల్ రూమబ్బా ఇది!"

"అద్దం తుడుస్తాండా."

"ఫోనుతోనా?"

వాయిస్ చెరిపేశాను. షాహుల్ ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం చాయ్ తెచ్చిచ్చాడు. ఏమీ అనకుండా ఇచ్చాడు, అదే ఎక్కువ సిగ్గనిపించింది.

సెప్టెంబర్ 3.

మేడం చెల్లెలు పదిహేనో తారీకు యార్క్ పోతుందంట.

మాట పంపలేను. కోటు పంపగలను. రహీమాబీ ఫోటోలో వేసుకున్నది చిన్న మేడం పాత కోటు. చేతులు వేళ్ల దాకా వస్తున్నాయి, మెడ దగ్గర గాలి పోయేంత సందు. అక్కడ చలి మొదలైంది.

ఉన్ని గుడ్డ తెచ్చాను. బూడిద రంగు. ఈ ఎండలో ఉన్ని ఎవరికి మాస్టర్ అని కొట్టువాడు నవ్వాడు.

సెప్టెంబర్ 10.

కొలత లేదు. ఎప్పుడూ లేదు. నలభై ఏళ్లలో ఆమెకు టేపు పెట్టలేదు. కంటితోనే కుట్టాను. ఇప్పుడు ఫోటోలో కంటితో. భుజం రెండు వేళ్లు తగ్గించాను. నడుము మూడు. చేతి పొడవు అంతే, ఎముక తగ్గదు కదా. లోపల లైనింగ్ మెత్తటిది వేశాను. కాజాలు మిషన్ మీద వేయలేదు, చేత్తో కుట్టాను. రెండు జేబులు లోతుగా పెట్టాను, చేతులు దాచుకోవడానికి.

తగ్గించి కుడుతుంటే మనసు ఒప్పలేదు. తగ్గింది అని నేనే రాసిచ్చినట్టు ఉంది.

సెప్టెంబర్ 14.

ఆపా తానే కోటు పొట్లం కట్టి మేడం చెల్లెలి చేతికిచ్చింది. "రహీమా కా ఆద్మీ భేజా" అని, మొగుడే పంపాడని చెప్పింది. ఆమె నన్ను మొదటిసారి చూసింది. "మాషల్లా" అంది. నేను నేల చూశాను.

సెప్టెంబర్ 26. మంగళవారం.

ఆరు నిమిషాల వాయిస్. ఇంత పొడవు ఎప్పుడూ పంపలేదు. మొత్తం రాయాలి, మరిచిపోకుండా.

"ఏమయ్యా! నా కొలత నీకెవరు చెప్పినారు? యాడ గానీ పట్టేయలేదు, యాడ గానీ వదులు లేదు. చిన్న మేడం ఏ అంగట్లో తీస్తివి అంటాది. మా ఆయన కుట్టినాడు అన్యా. నమ్మదు. తిరగేసి చూపిస్తి.

"నేను సన్నగైనానని తెలిసిపోయె నీకు. ఎట్ల సన్నగైనానో తెల్దు గదా, చెప్తా ఇను. ఈడ ఊరి చుట్టూ కోటగోడ ఉండాది. వెయ్యేండ్ల నాటిదంట. పైన నడస్తారు, నువ్వూ నేనూ పక్క పక్కన నడిచేంత జాగా ఉంటాది. మధ్యాన్నం పాప నిద్రపోతే మేడమూ నిద్రపోతాది. రెండు గంటలు నాది. దినామూ గోడ మింద నడుస్తాండా. పందొమ్మిదేండ్లు ఆ విల్లాలో మెట్లెక్కి దిగినా గానీ ఇట్ల నడిచిందే లేదు. మోకాలు నొప్పి యాడికో పాయె.

"ఇంకోటి. నవ్వొద్దు. నడిచి వచ్చేటప్పుడు ఒక టీ అంగడి ఉండాది. చిన్నది, వరసలు గిరసలు లేవు. మొదుట్లో బయట నిలబడి చూసేదాన్ని. ఒకదినం వాన వచ్చె. అంగడాయమ్మ తలుపు తీసి లోపలికి రా అనె. ముసలాయమ్మ, నాకన్నా పెద్దది. కిటికీ కాడ బల్ల చూపిచ్చె. కూచున్యా. వేలితో చూపిస్తే బన్నూ టీ తెచ్చి నా ముందర పెట్టె. నా ముందర! నేను లేసి ఎత్తుకుందామని పోతే వద్దు వద్దు కూచో అనె. ఇప్పుడు పోతే అడగనే అడగదు, అదే బల్ల, అదే బన్ను. ఆయమ్మ మాట నాకు రాదు, నా మాట ఆయమ్మకు రాదు. ఇద్దరం మాట్లాడుకుంటూనే ఉంటాం.

"మేడమోళ్లతో బయటికి పోయినప్పుడు నేను లోపల తిన్ను, పాపతో బయటనే ఉంటా. ఇంటికొచ్చి వండుకుంటా. అది వాళ్ల తిండి. నాకు నా బల్ల ఉండాది."

చివర గాలి చప్పుడు. తర్వాత, "మేడం ఇంకా రెండేండ్లు అంటాది. వచ్చినాక మాట్లాడుకుందాం."

సెప్టెంబర్ 27.

ఆకలితో తగ్గిందని అనుకున్నాను. సంతోషంతో తగ్గింది. కొలత సరిగ్గా చూశాను. కారణం తప్పు చూశాను.

సంతోషం.

సెప్టెంబర్ 28.

సంతోషంగానే ఉంది నాకు.

అక్టోబర్ 13. శుక్రవారం.

అసర్ తర్వాత బస్ స్టేషన్‌కు పోలేదు. దాని ఎదురుగా సందులో ఉన్న హోటలుకు పోయాను.

2009లో అనుకుంటాను. మేం పరోటాలు పొట్లం కట్టించుకుని బెంచీ మీద తినేవాళ్లం. ఆ హోటలు మేడ మీద ఫ్యామిలీ రూమ్ అని బోర్డు ఉంటుంది. రహీమాబీ ఒకసారి, "ఒకదినం ఆ లోపల కూచుని తిందామా? ఎట్లుంటాదో" అంది. జనం చూస్తారు అన్నాను. అదెందుకు అన్నానో ఇప్పుడు ఎంత ఆలోచించినా తెలియడం లేదు. మెట్లెక్కాలి, ఎవరో వచ్చి ఏం కావాలి అంటారు, నేను చెప్పాలి, నా భార్య ముందర నేను తడబడతాను. అదేనేమో. ఆమె మళ్లీ అడగలేదు.

ఈరోజు మేడ మెట్ల దగ్గరికి పోయాను. సర్వర్ ఆపాడు.

"చాచా, ఊపర్ ఫ్యామిలీ కే లియే. ఫ్యామిలీ కిధర్?"

"ఆతీ హై" అన్నాను. వస్తుంది అని ఎందుకు అన్నానో తెలియదు.

పైన కూర్చోబెట్టాడు. చెక్క తెరలు కట్టిన చిన్న గది. రెండు గ్లాసులు నీళ్లు పెట్టాడు. ఎవరూ చూడడం లేదు. అసలు ఎవరూ చూడరు అక్కడ. పక్క గదిలో ఎవరో పిల్లలు గోల చేస్తున్నారు. ఒక గ్లాసు తాగాను. రెండో గ్లాసు ముట్టలేదు. పావుగంట తర్వాత సర్వర్ తొంగి చూశాడు. ఫోన్ వచ్చింది, ఆమె రాలేకపోయింది అని చెప్పి దిగి వచ్చేశాను.

ఆ యార్క్ ముసలామె ఒక్క మాట రాకుండా చేసిన పని నేను పందొమ్మిదేళ్లు చేయలేదు.

నవంబర్ 24. శుక్రవారం.

వచ్చింది. బుధవారం దిగారు, ఈరోజు వదిలారు. రెండు వారాలు ఉంటారు కాగితాల కోసం.

నేను అసర్ నుంచే నిలబడి ఉన్నాను. దూరం నుంచి ఆమె నడక చూసి వేరే ఎవరో అనుకున్నాను. చేతులు ఊపుతూ వస్తోంది.

"ఏమయ్యా, అట్ల చూస్తాండావు?"

"ఏం లేదు."

"కూచోవద్దులే, కూచుని కూచుని ఆ బెంచీ గుంతలు పడిపోయింటాది. సముద్రం దాకా నడుద్దాం రా."

జుమేరా రోడ్డు దాటి నడిచాం. ఆమె ముందు, నేను వెనక. "తాబేలు మాదిరి వస్తాండావు" అని రెండుసార్లు ఆగింది. దారి పొడుగునా యార్క్ కబుర్లు. పెద్ద చర్చి గంటలు, నది మీద బాతులు, సంతలో చేపలమ్మేవాడు ఆమెను డార్లింగ్ అనడం. "అందరినీ అంటాడులే, మొగోళ్లను గూడా" అని నవ్వింది. నేనూ నవ్వాను. కోటు గుండీలు అన్నీ ఉన్నాయా అని అడిగాను. ఉన్నాయి అంది. ఇంకేం అడగాలో తోచలేదు.

ఇసుక దగ్గర ఆగాం.

"మేడం రెండేండ్లు అంటాండాది" అంది. "మా ఆయనతో మాట్లాడి చెప్తా అని చెప్పినా."

"ఊఁ."

"ఊఁ అంటే?"

"నీ ఇష్టం."

ఆమె నా వైపు తిరిగింది. అంత కోపం నేను చూడలేదు.

"ఈ మాట ఇనేకి నేను ఆన్నుంచి రావల్నా? పెండ్లయిన కాణ్నుంచి ఇదే మాట. దుబాయ్ పోతా అన్యా, నీ ఇష్టం అంటివి. మన బిడ్డ సబీనాను మదనపల్లెకి ఇద్దామా అన్యా, నీ ఇష్టం అంటివి. నా ఇష్టం నా ఇష్టం అంటావే, అది ఏందో ఎప్పుడన్నా అడిగినావా? నీదేందో ఎప్పుడన్నా చెప్పినావా? మనిషితో కాపరం చేసినట్టు లేదయ్యా, గోడతో చేసినట్టుండాది. ఆ యార్క్ గోడ మేలు. దాని మింద నడస్తే కాళ్లన్నా బాగుపడతాయి."

నేను సముద్రం చూశాను. పక్కన ఒక తెల్లాయన కుక్కను పట్టుకుని పోతున్నాడు. అతను పోయేదాకా ఆగుదాం అనుకున్నాను. ఆగలేదు.

"పోవద్దు" అన్నాను.

గట్టిగా వచ్చింది. కుక్క తిరిగి చూసింది. ఆయన కూడా.

"ఏమంటివి?"

"పోవద్దు. నాకు శుక్రవారం వస్తే కాళ్లు నిలబడవు రహీమా. నువ్వు సన్నబడితే నీకు ఆకలి అనుకున్యా. నీకు గాదు. ఆకలి నాకే."

అంతే చెప్పగలిగాను.

ఆమె ఇసుక గట్టు మీద కూర్చుంది. ఓణీ చెంగుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత పక్కన చెయ్యి వేసి, ఇక్కడ కూర్చో అన్నట్టు తట్టింది. కూర్చున్నాను.

"నీది చెప్పినావు గాబట్టి నాది చెప్తా, ఇను. నేను పోతా."

నేను చెప్పులోని ఇసుక దులుపుకున్నాను.

"రెండేండ్లు గాదు. ఈ ఒక్క మారు, ఆరు నెల్లు. ఆ గోడ కింద గడ్డి కట్ట ఉండాది. మార్చి నెల్లో ఆ కట్టంతా పసుప్పచ్చ పూలు పూస్తాయంట. గడ్డి కనపడదంట. నేను పోయేతలికి అయిపోయినాయి. టీ అంగడాయమ్మ ఫోన్లో చూపిచ్చె. అవి చూసి వస్తా. జూన్ దాటితే ఒక్క దినం గూడా ఉండనని మేడంతో గట్టిగా చెప్తా."

"పూలకా?"

"పూలకే. నా జన్మలో నేను పోయినవన్నీ పనికి పోయినవే. ఆస్పత్రికి పోయినా, పెండ్లిండ్లకు పోయినా, ఆడా పనే. పూలు చూసేదానికి యాడికీ పోలేదు."

నీ ఇష్టం అనబోయాను. నోటి దాకా వచ్చింది. మింగాను.

"నాకు నచ్చలేదు" అన్నాను.

"నచ్చకపోతే నచ్చలేదు అను. బాగుండాది. నచ్చలేదు అన్న మొగుడు ఉండాడని తెలిసె."

"నేను డిసెంబర్లో పోను. ఈడే ఉంటా."

"ఏంటికి? సబీనా దగ్గిర ఉండు పోయి. మనమడు ఎదురు చూస్తాంటాడు."

"మన రాయచోటి ఇంటి తలుపు ఒక్కన్నే తీయను. ఇద్దరం తీద్దాం."

ఆమె నా వైపు చూసింది. ఎగాదిగా చూసింది, కొత్తవాణ్ణి చూసినట్టు. "ఈ మాటలన్నీ యాడ దాచిపెట్టినావయ్యా ఇన్నాళ్లు?" అంది.

తిరిగి వచ్చేటప్పుడు నా పక్కనే నడిచింది. నా నడకకు తగ్గించి నడిచింది. మగ్రిబ్‌కు ఆలస్యమైంది.

నవంబర్ 27.

ఆపాతో చెప్పాను. జూన్ దాకా ఉంటాను అన్నాను.

"అరే అల్లా! నువ్వు పోతవని కొత్త మాస్టర్‌కు రమ్మని జబాన్ ఇచ్చేసిన గదా! జనవరి ఒకటికి వస్తుండు. కటింగ్ బల్ల ఆయనది."

"కటింగ్ వద్దు. కాజాలు కుడతా. హెమ్మింగ్ చేస్తా."

"ఇర్వై ఏడేండ్ల మాస్టర్, కాజాలా? నిన్న వచ్చినోని కింద కూసుంటవా?"

"కూచుంటా."

"ఎందుకు మాస్టర్?"

నలుగురూ వింటున్నారు. మామూలుగా అయితే నేల చూసేవాణ్ణి.

"రహీమా ఆరు నెల్లకు వస్తుంది. ఆమెతో కలిసి పోతా."

షాహుల్ మిషన్ మీద దరువు వేశాడు. "వహ్వా! మాస్టరన్న నోరు తెరిచినాడబ్బా!" ఆపా అతని నెత్తి మీద టేపుతో కొట్టింది. తర్వాత నాతో, "అచ్ఛా. వీసా జూలై దాకున్నది నీది. ఉండు" అంది.

డిసెంబర్ 8. శుక్రవారం.

పొద్దున వెళ్లిపోయింది. అసర్ తర్వాత సముద్రం దాకా నడిచాను. ఒక్కణ్ణే. కొంచెం వేగంగా నడిచి చూశాను.

డిసెంబర్ 12.

గదిలో ఎవరో పెళ్లాంతో వాయిస్‌లో పోట్లాడుతున్నాడు. ఎవరూ వినడం లేదు. ఎవరి పనిలో వాళ్లున్నారు. ఎప్పుడూ ఇంతేనా? నేను చూడలేదు.

డిసెంబర్ 17. ఆదివారం.

మధ్యాహ్నం వాయిస్ పంపాను. షాపులో కూర్చునే పంపాను. మిషన్లు ఆగాయి. ఆగనీ అనుకున్నాను.

పొద్దున ఏం తిన్నానో చెప్పాను. కొత్త మాస్టర్ ముందే వచ్చి చేరాడని, మంచివాడేనని, కత్తెర మాత్రం ఎత్తి పట్టుకుంటాడని చెప్పాను. సబీనా కొడుకు బడిలో పడి మోచెయ్యి గీరుకున్నాడని చెప్పాను. ఆ తర్వాత అడిగాను. టీ అంగడాయమ్మ పేరేమిటి? నీ బల్ల నుంచి చూస్తే ఏం కనపడుతుంది? మంచు పడిందా? ఆ మంచులో గోడ మీద నడవనిస్తారా? జారితే పట్టుకోవడానికి ఏమన్నా ఉందా? ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. నాలుగు నిమిషాలు అయింది. నేనే నమ్మలేదు.

చివరికి ఇంకోటి అడిగాను.

"పూలు పూసినాయా?"

"ఏం పూలన్నా?" అన్నాడు షాహుల్.

వేలు తీశాను. పోయింది.

మార్చిలో పూస్తాయని నాకు తెలుసు. ఇది డిసెంబరు. అయినా అడిగాను.